ఛాయాచిత్రములకు మెరుగు – మన విద్యార్థులకు తగిన సాధనమేది?

చిత్రము తీయుట ఒక యెత్తు, తీసినదానిని తీర్చిదిద్దుట మరియొక యెత్తు. ఈ రెండవ పని పూర్వము చీకటిగదిలో, ఎర్రదీపపు వెలుతురులో, డెవలపర్, హైపో తొట్టెల నడుమ జరిగెడిది. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) గారికి ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 'ముసవ్విర్ జంగ్' అను బిరుదమునిచ్చి గౌరవించెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. కెమెరా పట్టినవానిని చిత్రకారుడని పిలుచుటలోనే ఈ కళ యెడల ఆనాటివారికి గల గౌరవము తెలియుచున్నది. యంత్రము వెలుగును పట్టి యిచ్చును. దానిని చిత్రముగా మలచునది మనిషి.

నేడు ఆ చీకటిగది కంప్యూటరులోనికి వచ్చి చేరినది. కెమెరా చేతపట్టిన ప్రతి విద్యార్థియు "అన్నిటిలో మంచి సాఫ్ట్‌వేర్ ఏది?" అని అడుగుట పరిపాటియైనది. ఆ ప్రశ్న అసంపూర్ణమని మా అభిప్రాయము. ఎవరి పనికి, ఎవరి కంప్యూటరుకు, ఎవరి స్తోమతుకు మంచిదని అడిగిననే సమాధానము దొరకును.

ముందుగా పని యొక్క వరుసను తెలిసికొనవలెను. చిత్రములను కెమెరా నుండి కంప్యూటరులోనికి దింపి, వెంటనే మరియొకచోట నకలు ఉంచవలెను. పనికిరానివానిని ఏరివేయవలెను. మిగిలినవాటికి వెలుగు, రంగులు సరిచేసి, అంచులు కత్తిరించి, పేరు, తేదీ, వివరము వ్రాసి, అచ్చుకో ఫోనుకో తగిన పరిమాణములో వెలికి తీయవలెను. వరుసలో తీర్చిదిద్దుట ఒక భాగము మాత్రమే. చాలమంది దానినే సర్వస్వమనుకొని, వేలకొలది చిత్రములలో కావలసినది వెదకలేక బాధపడుచున్నారు.

కెమెరా ఇచ్చు జేపెగ్ చిత్రములో ఒక్కొక్క రంగుకు 256 అంతరువులు మాత్రమే ఉండును. అదే కెమెరా 'రా' పద్ధతిలో 14 బిట్లు నమోదు చేసినచో 16,384 అంతరువులు లభించును. నీడలో మరుగుపడిన ముఖమును వెలికి తెచ్చుటకు ఈ సంపద అక్కరకు వచ్చును. పైగా జేపెగ్‌ను సరిచేసి మరల భద్రపరచినపుడెల్ల కొంత వివరము నశించును. కావున మూలప్రతిని ముట్టక, చేసిన మార్పులను వేరుగా వ్రాసి ఉంచు సాధనమునే ఎన్నుకొనవలెను. నెగటివ్‌ను కాపాడుకొని, ప్రింట్లు ఎన్నియైనను తీసికొనుట వంటిది ఈ పద్ధతి.

ఇక సాధనముల సంగతి. 1990లో వెలువడిన ఫొటోషాప్, 2007లో వచ్చిన లైట్‌రూమ్ మిక్కిలి సమర్థములైనవని ఒప్పుకొనక తప్పదు. పెళ్ళి ఆల్బములు తయారుచేయు స్టూడియోలలో పని కోరువారు ఫొటోషాప్ నేర్చుకొనుట అవసరము. కాని 2013 నుండి ఫొటోషాప్ కొత్త ప్రతులు చందా పద్ధతి మీదనే లభించుచున్నవి. 2015లో వచ్చిన ఆరవ లైట్‌రూమ్ తరువాత దానిదియు అదే దారి. చందా ఆగినచో లైట్‌రూమ్ క్లాసిక్‌లో చిత్రములను చూడవచ్చును, వెలికి తీసికొనవచ్చును. సరిచేయు భాగము మాత్రము మూతబడును. ఇది అద్దె ఇంటివంటిది. సంపాదనపరునకు అద్దె భారము కాకపోవచ్చును. ఫీజు కట్టుటకే తల్లిదండ్రులు ఇబ్బందిపడు విద్యార్థికి నెలనెలా అద్దె ఎక్కడిది? ఈ కారణముననే పలువురు దొంగప్రతులను ఆశ్రయించుచున్నారు. అది చట్టవిరుద్ధము. దానివెంట వైరస్ వచ్చి మొత్తము చిత్రములను హరించు ప్రమాదమును కలదు. విద్యాలయమున దీనిని చూచీచూడనట్లు ఊరకుండుట తగదు.

అట్లని ఉచితముగా దొరకునదెల్ల శాశ్వతమని భ్రమపడరాదు. ఎందరో మెచ్చిన పికాసా ఉచితమైనదే. గూగుల్ 2016లో దానిని విరమించినది. వెలపెట్టి కొన్న అపెర్చర్‌ను సైతము ఆపిల్ సంస్థ 2015లో అమ్మకము నుండి తొలగించినది. కావున వెల ఒక్కటే గీటురాయి కాదు. మన చిత్రములును, వాటిపై మనము చేసిన శ్రమయును రేపు మరియొక సాధనములోనికి ఎంతవరకు తరలింపగలమన్నదే ముఖ్యము. ఉర్దూలో 'అమానత్' అను చక్కని మాట కలదు. మనము తీసిన చిత్రములు రాబోవు తరముల అమానత్. దాని తాళపుచెవి పరుల చేతిలో ఉండరాదు.

ఈ గీటురాయిపై నిలుచునవి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. చిత్రములను వర్గీకరించుటకు డిజికామ్, 'రా' చిత్రములను సరిచేయుటకు డార్క్‌టేబుల్ లేదా రా థెరపీ, అతుకులు, అక్షరములు కూర్చుటకు గింప్ చాలును. డార్క్‌టేబుల్ తన మార్పులను మూలచిత్రము ప్రక్కనే చిన్న ఫైలులో వ్రాయును. వీని మూలరచన అందరికిని అందుబాటులో ఉన్నందున, ఒక సంస్థ విరమించినను మరియొకరు కొనసాగింపవచ్చును. లోపములును లేకపోలేదు. డార్క్‌టేబుల్ నేర్చుటకు ఓర్పు కావలెను. పాత కంప్యూటరుపై మందగించును. అట్టిచోట రా థెరపీని పరీక్షించి చూడవలెను. ఫోన్ మాత్రమే గలవారికి ప్రస్తుతము స్నాప్‌సీడ్ సరిపోవును.

రెండు భాషల కళాశాలగా మనకు మరియొక అవసరమున్నది. చిత్రములోనే వివరమును దాచు ఎక్స్ఎంపీ పద్ధతి యూనికోడ్‌పై ఆధారపడినది. కావున ఒకే చిత్రమునకు ఉర్దూలోను తెలుగులోను వివరము వ్రాయవచ్చును. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నది వ్రాయని చిత్రము ఇరువది యేండ్లకు అనామకమగును. గోడలపై వెలిసిపోవుచున్న పాత గ్రూపు ఫొటోలే ఇందుకు సాక్ష్యము. అందులో నిలుచున్నవారిని గుర్తుపట్టగల పెద్దలు ఉన్నపుడే ఆ పేర్లు వ్రాసికొనవలెను.

కళాశాల కమిటీవారికి మా విన్నపము స్వల్పము. కొద్దిమందికి చందా కట్టుటకంటె, ఆ ధనముతో ఒక మంచి కంప్యూటరును, రెండు హార్డ్‌డిస్కులను సమకూర్చి, వారమునకొక పూట ఛాయాచిత్ర విద్యార్థులకు విడువవలెను. సాఫ్ట్‌వేర్లకు పైసా ఖర్చు లేదు. సీనియర్ విద్యార్థులు వాని వాడుకను ఉర్దూ, తెలుగు భాషలలో చిన్న పుస్తకముగా వ్రాసి ఇచ్చిన, ఓర్పు చాలక వెనుదిరుగువారు తగ్గుదురు. తొలి అభ్యాసముగా మన పాత గ్రూపు ఫొటోలను స్కాన్ చేసి, పేర్లతో భద్రపరచిన, నేర్చుకొన్న విద్యయు కళాశాల చరిత్రయు రెండును నిలుచును. పెద్దలు ఆలోచింతురుగాక!