ఆరోగ్య వేదిక: పరామర్శకు కొబ్బరిబొండాలు వద్దు

సహోద్యోగి ఇంట ఎవరికైనా డయాలసిస్ మొదలైందని తెలిస్తే వెళ్ళి పలకరించి రావడం మన మర్యాద. వట్టి చేతులతో వెళ్ళడం మనకు అలవాటు లేదు. దారిలో రెండు కొబ్బరిబొండాలు, ఒక అరటిపళ్ళ అత్తం, డజను బత్తాయిలు కొంటాము. జ్వరపడి లేచినవారికి హితవైన ఈ పదార్థాలే మూత్రపిండాలు పనిచేయనివారికి ప్రాణాంతకం కావచ్చును. వీటిలో పొటాషియం మెండు. దానిని వెలికి పంపవలసిన అవయవమే మూలపడినపుడు అది రక్తంలో పేరుకొని గుండె లయను తప్పిస్తుంది. ఒక్కొక్కప్పుడు ఏ సూచనా లేకుండానే గుండెను ఆపివేస్తుంది.

ఆరోగ్యవంతుల మూత్రపిండాలు వారంలోని 168 గంటలూ పనిచేస్తాయి. యంత్రం సాధారణంగా వారానికి మూడు మార్లు, మారుకు నాలుగు గంటల చొప్పున 12 గంటలు మాత్రమే ఆ పని చేస్తుంది. 2016లో ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం ఆరంభమైన తరువాత జిల్లా ఆసుపత్రులలో నిరుపేదలకు ఆ 12 గంటలు ఉచితంగా లభిస్తున్నవి. తక్కిన 156 గంటలు రోగీ, ఇంటివారూ నెట్టుకురావలసినవే.

వాటిలో దుస్సహమైనది దాహం. మూత్రం దాదాపు ఆగిపోయినవారికి వైద్యులు తరచు రోజుకు లీటరు, లేదా అంతకన్న తక్కువ ద్రవమే అనుమతిస్తారు. కాఫీ, చారు, మజ్జిగ, మాత్ర మింగే గుక్కెడు నీరు కూడా ఆ లెక్కలోనివే. మన వేసవిలో ఇది ఎంతటి తపస్సో ఊహించుకోవచ్చును. మంచినీళ్ళ బిందెకు కాపలా కాయడం కంటె వంటలో ఉప్పు తగ్గించడం మేలు. దాహాన్ని పెంచేది ఆ ఉప్పే. ఆవకాయ, అప్పడం, ఎండుచేప ఒక్కరికి నిషేధించి, తక్కినవారు వారి ఎదుటనే ఆరగించడం న్యాయం కాదని మా అభిప్రాయం. బజారులో దొరికే తక్కువ సోడియం ఉప్పును నమ్మరాదు. అందులో సోడియానికి బదులు చేర్చేది సాధారణంగా పొటాషియమే.

డయాలసిస్ అనగానే ఉద్యోగానికి స్వస్తి చెప్పనక్కరలేదు. కూర్చుని చేసే పనులు చక్కగా నిర్వహిస్తున్నవారు ఉన్నారు. ఇంటిలో ఇరవైనాలుగు గంటలూ 'రోగి'గానే మిగిలిన మనిషికి తన బల్ల, తన ఫైళ్ళు జీతంతో పాటు మరొకటి కూడా ఇస్తాయి. యంత్రం నుండి లేచిన పూట నీరసం సహజం; తేరుకోవడానికి కొందరికి మరునాటి వరకు పడుతుంది. షిఫ్టులు వేసే అధికారులు ఈ సంగతి గమనించవలెనని కోరుతున్నాము. ఫిస్టులా చేసిన చేతికి బరువు పనులు చెప్పరాదు, ఆ చేతికి రక్తపోటు చూడరాదు. ఆప్యాయతతోనైనా ఆ చేయి పట్టి గుంజరాదు.

ఇక ఆ ఇంటి ఇల్లాలు. వారానికి మూడు పూటలు కేంద్రం వద్ద బెంచీపై కాచుకొని కూర్చునేది తరచు ఆమే. "ఈ పూట నేను తోడు వెళతానమ్మా, మీరు ఇంటి వద్ద కాసేపు పడుకోండి" అనగలవారు మన కాలనీలలో తప్పక ఉంటారు.