తుఫాను జాడ తెలిస్తే చాలదు, అర్థమయ్యే మాటలో చెప్పాలి



తుఫాను ఎక్కడ ఉందో, ఎటు వస్తోందో రోజుల ముందే చెప్పగలిగే కాలం ఇది. అయినా జనం ఎందుకు చనిపోతున్నారు? 2013 నవంబరులో ఫిలిప్పీన్స్ దేశాన్ని ముంచిన హయాన్ తుఫానును చూస్తే జవాబు దొరుకుతుంది.

హయాన్ దొంగచాటుగా రాలేదు. పసిఫిక్ సముద్రంలో వాయుగుండంగా ఉన్నప్పటి నుంచే వాతావరణ కేంద్రాలు ఉపగ్రహ చిత్రాలతో దాన్ని వెన్నంటి చూశాయి. మేఘాల తీరును, తుఫాను కన్నును చూసి బలం లెక్కగట్టాయి. గాలి వేగం గంటకు 315 కిలోమీటర్లని అమెరికా సైనిక కేంద్రం అంచనా వేసింది. 7వ తేదీ సాయంత్రం దేశాధ్యక్షుడు అక్వినో స్వయంగా టీవీలో హెచ్చరించారు. 8వ తేదీ తెల్లవారుజామున గుయివాన్ దగ్గర తుఫాను తీరం తాకింది. అక్కడి రాడారు కూడా ధ్వంసమైంది. తక్లోబాన్ పట్టణం మీదికి సముద్రం అయిదారు మీటర్ల ఎత్తున వచ్చిపడింది. సర్కారు లెక్క ప్రకారమే 6,300 మంది చనిపోయారు.

లోపం ఎక్కడ? హెచ్చరికలో 'స్టార్మ్ సర్జ్' అనే ఇంగ్లీషు మాట వాడారు. అదేమిటో చాలామందికి తెలియలేదు. సునామీ అని చెప్పి ఉంటే పరుగెత్తేవాళ్లమని బతికినవాళ్లు తర్వాత అన్నారు. గాలికి భయపడ్డారు గాని నీటి సంగతి ఊహించలేదు. తలదాచుకున్న భవనాల్లోకే నీరు వచ్చి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మనకు ఆ మాట ఉంది. అది ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమలో ఏం జరిగిందో తెలిసిన తెలుగువాళ్లకు ఆ ఒక్క మాట చాలు. కాని పొరుగు రాష్ట్రాల రేవు పట్టణాల్లో మనవాళ్లకు హెచ్చరిక మరో భాషలో అందుతుంది. పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారంటారు. ఇంట్లో ఉన్న ముసలివాళ్లు ఏ నంబరుకు ఏం చెయ్యాలో ఎవర్ని అడగాలి?

హయాన్‌కు నెల ముందు, 2013 అక్టోబరు 12న, ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తీరం దాటింది. హయాన్ అంత బలమైనది కాదన్నది నిజమే. అయితే 1999లో అదే రాష్ట్రంలో సుమారు పదివేల ప్రాణాలు పోగా, ఫైలిన్‌కు నష్టం పదుల్లోనే ఆగింది. ముందుగానే దాదాపు పది లక్షల మందిని తరలించడమే అందుకు ముఖ్య కారణం.

కార్మికుడు కదలాలంటే మరో అడ్డు ఉంది. పాళీ వదిలితే నాగా, కూలి పోతుంది. ఉంటే ప్రాణానికే ముప్పు. ఈ రెంటిలో ఏదో ఒకటి తేల్చుకోమనడం న్యాయం కాదు. అందుకే మేము కోరుతున్నాం:

మహా ప్రమాద సూచిక ఎగరగానే తీరప్రాంత మిల్లుల్లో పాళీలు ఆపాలి. ఆ రోజు కూలి కొయ్యకూడదు.

నీరు ఎంత ఎత్తు రావచ్చు, ఎక్కడికి వెళ్లాలి, ఎన్ని గంటలలోగా వెళ్లాలి అన్నవి గేటు దగ్గర తెలుగులో కూడా రాసిపెట్టాలి.

పనికి పిలిచే మిల్లు సైరన్‌నే తుఫాను హెచ్చరికకు కూడా మోగించాలి. ఆ కూత బస్తీ అంతటికీ వినబడుతుంది.

ఇవి పెద్ద ఖర్చుతో కూడిన కోరికలు కావు. అక్టోబరు, నవంబరు నెలలు మన తీరానికి గండం. అప్పటిదాకా ఆగకుండా ప్రతి మిల్లు కమిటీ వీటిని రాతపూర్వకంగా యాజమాన్యానికి అందజేసి, అందినట్టు సంతకం తీసుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.