మ్యాప్ గీసిన అంటరానితనం

గత భాగం చదివి కొందరు అడిగారు: "ఊరూ వాడా సరే, పట్నంలో కులం ఎక్కడుంది సార్?" బెజవాడ మ్యాప్ తీసి చూడండి.

మన డెల్టాలో బస్సు ఊళ్లో ఆగుతుంది, వాడకు నడవాలి. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఆ గ్రామాన్నే కడిగేశారు. మనవాళ్లు పట్నం వచ్చారు. పట్నం ఏం చేసింది? పేదల ఇళ్లను రైలు పట్టాలు, బుడమేరు దాటించింది: సింగ్‌నగర్, వాంబే కాలనీ, జక్కంపూడి. పేదలంటే ఎవరో వేరే చెప్పాలా? పని, కాలేజీ, పెద్దాసుపత్రి ఇవతలే ఉంచింది.

ఈ దూరమే బండిని తప్పనిసరి చేస్తుంది. ఉన్నోడు కారు కొంటాడు. కార్లు పెరిగాయని ఫ్లైఓవర్ కడతారు. ఫ్లైఓవర్ ఉంది కదా అని నగరం ఇంకా అవతలికి పాకుతుంది. 2020లో కనకదుర్గ, బెంజిసర్కిల్ ఫ్లైఓవర్లు తెరిచారు. బస్సుల కోసమని వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డుకు మాత్రం పేరే మిగిలింది.

వాంబే కాలనీ నుంచి నా క్లాసుకొచ్చే అమ్మాయి రెండు ఆటోలు మారుతుంది. అయినా మొదటి పీరియడ్ అందదు. ఆబ్సెంట్ వేసేది నేనే. వేయించేది ఈ మ్యాప్.

ఇంటి పట్టాతో పాటే బస్సు అడుగుదాం. ఫ్లైఓవర్ కంటే ముందు ఫుట్‌పాత్ అడుగుదాం. దూరం కూడా అంటరానితనమే.

జై భీమ్.

(వచ్చే భాగం: అమరావతి రోడ్లు)