ఏలిక లేని ఏలుబడి

నాలుగు గదుల పాఠశాలకో, చిన్న గ్రంథాలయానికో వైఫై అమర్చదలచినవారికి నాదొక మనవి. యాక్సెస్ పాయింట్లను శాసించుటకు ప్రత్యేకముగా కంట్రోలరు కొనవలసిన పని లేదు. 2011లో అరూబా సంస్థ తెచ్చిన ‘ఇన్‌స్టంట్’ పద్ధతిలో ఆ పరికరములే తమలో ఒకదానిని నాయకునిగా ఎన్నుకొంటాయి. అది చెడిపోతే మరొకటి ఆ భారము వహిస్తుంది. ఒక్క పెట్టెపైనే బడి యావత్తూ ఆధారపడే దుస్థితి తప్పుతుంది.

అయితే ‘కంట్రోలరు అక్కరలేదు’ అన్న మాట వినగానే మురిసిపోరాదు. కొన్నింటిలో ఆ పెట్టె స్థానమును క్లౌడ్ ఆక్రమిస్తుంది. ఏటేటా చందా చెల్లించాలి. పేద బడికి అది మోయలేని బరువు. కనుక విక్రేతను రెండే ప్రశ్నలు అడగండి. నాయక పరికరము ఆగితే తక్కినవి పనిచేస్తాయా? చందా ఆగితే మార్పులు చేసుకొనే అధికారము మనకుంటుందా? సమాధానము తడబడితే ఆ బేరము మానుకొనుటే మేలు.