ఈసీఐఎల్ అంటే బస్టాపు కాదు

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఈసీఐఎల్ బస్సెక్కాను. పక్కసీట్లో ఒక కుర్రాడు. ఒళ్ళో ల్యాప్‌టాప్ సంచీ, మెళ్ళో కాలేజీ కార్డు. ఇంజనీరింగ్, అందులోనూ కంప్యూటర్ సైన్సు. వయసు మీరినవాళ్ళ చాదస్తం కొద్దీ అడిగాను, "ఈసీఐఎల్ అంటే ఏమిటి బాబూ?" అని.

"చౌరస్తా అంకుల్. అక్కణ్ణించి కుషాయిగూడకు ఆటోలుంటాయి."

"మరి ఏఎస్ రావు నగర్?"

"మేముండేది అక్కడే."

"ఆయనెవరు?"

"ఎవరు?" అన్నాడు.

అతన్ని తప్పుపట్టను. పుట్టిన దగ్గర్నుంచీ ఇంట్లో, టీవీలో, ఎన్నికల సభల్లో అతను విన్న కథ ఒక్కటే. మాదాపూర్ ఒకప్పుడు రాళ్ళగుట్టలు. 1998 నవంబరులో వాజపేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించాడు. దాంతో తెలుగువాళ్ళకు కంప్యూటర్ వచ్చింది. కాస్త చదువుకున్నవాళ్ళు ఇంకో మెట్టు వెనక్కి జరిగి 1991 సరళీకరణ అంటారు. ఇంకొందరు రాజీవ్ గాంధీ, 1984 అంటారు. అంతకుముందు ఏముందయ్యా అంటే లైసెన్సులు, యూనియన్ల ధర్నాలు, టైపు మిషన్లు. ఆ చీకట్లోకి ఒక నాయకుడు దీపం పట్టుకొచ్చాడు. ఆ నాయకుడెవరన్న దగ్గరే మనవాళ్ళ తగువంతా. దీపం మాత్రం బయటినుంచే వచ్చిందని ఒప్పుకోవడంలో ఏ పార్టీకీ పేచీ లేదు.

నా పేచీ అక్కడే. తారీఖు తప్పయితే సరిదిద్దుకుని ఊరుకోవచ్చు. కంప్యూటర్ అంటే ఒకరు తెచ్చిపెట్టేదీ, మనం దాని ముందు కూర్చుని జీతం తీసుకునేదీ తప్ప మనం చేసే వస్తువు కాదన్న ఊహ ఈ కథ అడుగున ఉంది. అది అబద్ధం.

1955లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి దాని స్థాపకుడు మహలనోబిస్ ఇంగ్లండు నుంచి హెచ్ఈసీ-2ఎం అనే యంత్రాన్ని తెప్పించాడు. అది కొన్నది, సరే. అదే కాలంలో బొంబాయిలో, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చిలో, ఆర్. నరసింహన్ నాయకత్వాన కొద్దిమంది కంప్యూటర్ కొనే మాట పక్కనపెట్టి చెయ్యడానికి కూర్చున్నారు. ముందు చిన్న నమూనా నడిచింది. 1960కల్లా పూర్తి యంత్రం నిలబడింది. అందులో 2700 వాక్యూమ్ ట్యూబులు, 1700 జెర్మేనియం డయోడ్లు, 12,500 రెసిస్టర్లు. మెమరీ ఫెర్రైట్ కోర్లతో. ఫెర్రైట్ కోర్ అంటే సన్నపూసంత అయస్కాంతపు రింగు. దాంట్లోంచి వెంట్రుకల్లాంటి తీగెలు అడ్డంగా, నిలువుగా దూర్చాలి. అయస్కాంతం ఒక దిక్కుకు తిరిగితే సున్నా, రెండో దిక్కుకు తిరిగితే ఒకటి. వర్డుకు 40 బిట్లు, మొత్తం 2048 వర్డులు. బిట్టుకో రింగు చొప్పున ఎనభై వేల పైచిలుకు రింగులు. నల్లపూసలు గుచ్చినవాళ్ళకు ఆ ఓపిక ఎంతటిదో చెప్పనక్కర్లేదు. ఇంతా చేస్తే తేలిన మెమరీ పది కిలోబైట్లు! పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గులాబీపువ్వు శుభోదయం అందులో పట్టదు. 1962 జనవరిలో నెహ్రూ దానికి టిఫ్రాక్ అని పేరుపెట్టాడు.

ఈ మాట చెప్పగానే ఒక ఆక్షేపణ వస్తుంది. "అది అమెరికా వాళ్ళ డిజైనేగా, చూసి చేశారు." అవును, చూసే చేశారు. ప్రిన్స్‌టన్‌లో ఫాన్ నోయ్‌మన్ బృందం 1946 నుంచీ తమ యంత్రం ఎలా కడుతున్నారో నివేదికలు రాసి పంచిపెట్టింది. వాటిని ముందు పెట్టుకుని ఇల్లినాయ్‌లో ఇల్లియాక్ కట్టారు, స్టాక్‌హోమ్‌లో బెస్క్ కట్టారు, ఇజ్రాయెల్‌లో వైజాక్ కట్టారు. స్వీడన్ వాడు చూసి చేస్తే చరిత్రా, బొంబాయి వాడు చూసి చేస్తే కాపీయా? ఆ రోజుల్లో కంప్యూటర్ సైన్సంటేనే ఒకరి కాగితం చూసి ఇంకొకరు టంకం పెట్టడం. పేటెంట్ల కోట గోడలు తర్వాత లేచాయి. ఆ గోడలు లేని కొద్దికాలంలో మనవాళ్ళూ ఆ పంక్తిలో కూర్చున్నారు. విస్తరి ముందున్నవాణ్ణి వదిలేసి ఎంగిలాకులు ఎత్తేవేళకు వచ్చినవాణ్ణి గుర్తుపెట్టుకున్నాం.

1963లో కాన్పూర్ ఐఐటీకి ఐబీఎం 1620 వచ్చింది. దానితోపాటు హ్యారీ హస్కీ వచ్చాడు. అమెరికాలో తొలితరం కంప్యూటర్ ఎనియాక్ దగ్గర పనిచేసి, 1947లో ఇంగ్లండులో ట్యూరింగ్ తలపెట్టిన యంత్రం మీదా పనిచేసిన మనిషి. ఆయనతో కలిసి రాజారామన్, మహాబల లాంటివాళ్ళు దేశం నలుమూలల నుంచి వచ్చిన శాస్త్రవేత్తలకు ప్రోగ్రామింగ్ నేర్పారు. రాజారామన్ పుస్తకాలతో ఫోర్‌ట్రాన్ దిద్దుకున్న తెలుగు ఇంజనీర్లు ఇప్పుడు తాతలయ్యారు. సైబర్ టవర్స్ పునాది తవ్వే నాటికే వాళ్ళకు జుట్టు నెరుస్తోంది.

ఇక మన బస్టాపు.

ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1967 ఏప్రిల్‌లో హైదరాబాదులో పుట్టింది. పుట్టించిన మనిషి అయ్యగారి సాంబశివరావు, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు వాడు. బెనారస్‌లో చదివి, స్టాన్‌ఫర్డ్ వెళ్ళి, తిరిగొచ్చి అణుశాస్త్రవేత్త హోమీ భాభా దగ్గర ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని పెంచినవాడు. కుర్రాడు ఉండే కాలనీ పేరు ఆయనదే. 1969లో బొంబాయి పక్కన ట్రాంబే అణుకేంద్రంలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 అనే పన్నెండు బిట్ల కంప్యూటర్ని తయారుచేసి అమ్మింది ఈ ఈసీఐఎల్. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. ఆ తర్వాత 312, ఆపైన పదహారు బిట్ల 316 వచ్చాయి. పైన తొడుక్కునే సాఫ్ట్‌వేర్ కూడా ఇక్కడే రాసుకున్నారు. అంటే సైబర్ టవర్స్‌కి దాదాపు మూడు దశాబ్దాల ముందే ఈ ఊళ్ళో కంప్యూటర్లు చేసి లారీలకెత్తారు. అన్నట్టు, ప్రతి ఎన్నిక తర్వాతా ఓడినవాళ్ళు తిట్టే ఓటింగ్ యంత్రానికి 1979లో నమూనా చేసిందీ వీళ్ళే. తిట్టడానికైనా ఆ పేరు తలుస్తున్నారు, టీడీసీకి ఆ భాగ్యం కూడా లేదు.

అప్పుడు దేశంలో పెద్ద దుకాణం ఐబీఎంది. బయట కాలం చెల్లిన 1401 యంత్రాలను తెచ్చి, ఇక్కడ తుడిచి బాగుచేసి, అద్దెకు తిప్పేది. విదేశీ మారకద్రవ్య చట్టం కింద వాటా తగ్గించుకోమంటే ఇష్టపడక 1978లో వెళ్ళిపోయింది. మన ప్రచారకథలో ఇది దేశం చీకట్లోకి జారిన ఘట్టం. జరిగిందేమిటి? ఐబీఎం వదిలేసిన యంత్రాలను సీఎంసీ అనే ప్రభుత్వ సంస్థ ఇంజనీర్లు విప్పి, తెలుసుకుని, నడిపారు. అదే సీఎంసీ 1980ల నడుమ రైల్వే రిజర్వేషన్‌కి ఇంప్రెస్ అనే వ్యవస్థ కట్టింది. 1991 కోసం ఎవరూ ఆగలేదు.

ఇప్పుడు గట్టి వాదన దగ్గరికి వద్దాం, ఎందుకంటే అందులో నిజం ఉంది. "చేశారు, బాగానే ఉంది. నెగ్గారా?" నెగ్గలేదు. 1971 నుంచి 1978 దాకా ఈసీఐఎల్ అమ్మిన కంప్యూటర్లు వంద లోపే. కొన్నవాళ్ళలో ఎక్కువమంది ప్రభుత్వ ప్రయోగశాలలూ విశ్వవిద్యాలయాలే. విడిభాగాలు చాలా దిగుమతివి, ధర ఎక్కువ, పోటీ లేకుండా సర్కారు అడ్డుగోడ. బయట చిప్పు ఏడాదికేడాది చవకవుతుంటే ఇక్కడ ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి జరగడానికే ఏడాది పట్టేది. దీన్ని సమర్థించడానికి నేను రాలేదు.

కానీ ఓడిపోయినందుకు చరిత్రలోంచి తీసేయాలన్న రూలు మనం అందరికీ వర్తింపజేస్తున్నామా? మన పిల్లల కంప్యూటర్ పాఠ్యపుస్తకం తెరవండి. మొదటి పాఠంలోనే బాబేజీ బొమ్మ. ఆయన డిఫరెన్స్ ఇంజన్ అనే లెక్కల యంత్రం మీద బ్రిటిష్ ప్రభుత్వం పదిహేడు వేల పౌండ్లకు పైగా పోసి, విసిగి, 1842లో చేతులు దులుపుకుంది. అనలిటికల్ ఇంజన్ సంగతి సరేసరి, కాగితం దాటలేదు. ఆయన గీసిన రెండో డిఫరెన్స్ ఇంజన్‌ని లండన్ సైన్స్ మ్యూజియం వాళ్ళు పూనుకుని కట్టి తిప్పి చూపించింది ఎప్పుడు? 1991లో. మన కథకులు కంప్యూటర్ పుట్టిందనే ఏట! బతికుండగా ఒక్క యంత్రమూ పూర్తిచెయ్యని ఆయన పితామహుడు. సాటివాళ్ళ మధ్య నిలబడి పనిచేసిన టిఫ్రాక్, టీడీసీ మాత్రం పాఠంలో ఒక వాక్యానికి కూడా నోచుకోలేదు. బాబేజీ మీద నాకు కోపం లేదు. ఓడినవాణ్ణి దాచుకోవడం, ఎందుకు ఓడాడో తరచి చూడటం వాళ్ళకు తెలుసు. మనం ఓటమితోపాటు ప్రయత్నాన్నీ పాతిపెట్టి, పైన బస్టాపు కట్టాం.

అలా పాతిన చోట ఏం మొలుస్తుందో కూడా చూశాం. కంప్యూటర్‌కి సంస్కృతమే సరైన భాష అని నాసా తేల్చిందంటూ ఏడాదికోసారైనా నాకు మెసేజ్ వస్తుంది. దానికి మూలం 1985లో రిక్ బ్రిగ్స్ అనే ఆయన రాసిన ఒక వ్యాసం. సంస్కృత శాస్త్రకారులు వాక్యార్థాన్ని విడగొట్టే పద్ధతికీ, కృత్రిమ మేధలో జ్ఞానాన్ని పొందుపరిచే పద్ధతికీ పోలిక చూపించాడు. ముచ్చటైన వ్యాసం. సంస్కృతంలో ప్రోగ్రాములు రాయమని నాసా ఎవరికీ చెప్పలేదు. ఛందస్సులో గురులఘువుల లెక్కకు పింగళుడు చూపిన తెలివి నిజమైనదే, దానికి నాసా సంతకం అవసరం లేదు. చిత్రమేమిటంటే, రెండువేల ఏళ్ళ కిందట మనకు అన్నీ తెలుసనే మనిషికి యాభై ఏళ్ళ కిందట తన ఊళ్ళో కంప్యూటర్ చేశారని తెలియదు. తాతముత్తాతల గొప్ప కావాలి, నాన్న చేసిన పని వద్దు.

రాజ్ రెడ్డి పేరు మనకు తెలుసు కదా అంటారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, గిండీలో చదివి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర డాక్టరేటు చేసి, యంత్రానికి మాట వినడం నేర్పడంలో జీవితం గడిపిన మనిషి. ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది 1994లో, సైబర్ టవర్స్‌కి నాలుగేళ్ళ ముందు. ఈ తేదీల్లో ఒక్కటీ ప్రచారకథలో ఇమడదు. అందుకే ఆయన్ని మనవాడని ఫ్లెక్సీ మీద వేస్తారు, పని గురించి మాట్లాడరు.

ఇంకొక్కటి. సైబర్ టవర్స్ తెరిచిన ఆ రోజుల్లోనే అమీర్‌పేట గల్లీల్లో జనం ఎగబడి నేర్చుకున్నది ఏమిటి? కోబాల్. 1959లో పుట్టిన భాష. మెమరీ పిసినారితనంగా వాడుకోవాల్సిన రోజుల్లో సంవత్సరానికి నాలుగంకెలు బదులు రెండే రాశారు. 2000 వస్తుంటే ఆ రెండంకెలు సరిచేసే పని మనకు దొరికింది. కొత్తయుగం అని మనం పండగ చేసుకున్నది అచ్చంగా పాత కంప్యూటర్ల పాతబాకీ తీర్చే కూలి. కూలి మంచిదే, ఎన్నో ఇళ్ళు నిలబడ్డాయి. దాన్ని పుట్టుక అనకండి, అంతే.

ఇందులో సగమైనా ఆ కుర్రాడికి చెప్పి ఉంటాను. అతను ఫోన్లో ఏదో వెతికి, బీరువాలాంటి యంత్రం బొమ్మ నాకు చూపించి, "ఇది మా దగ్గర చేశారా?" అన్నాడు. రాధిక థియేటర్ దగ్గర బస్సు ఆగింది. సంచీ భుజాన వేసుకుని, ఫుట్‌బోర్డు మీంచి వెనక్కి తిరిగి, "మరి ఎందుకు ఆపేశారంకుల్?" అని అడిగి దిగిపోయాడు. ఎవరు తెచ్చారు అని మాత్రం అడగలేదు.