కొబ్బరికాయ, విరాటపర్వం

సైన్సు తెలిసినవాడికి దైవభక్తి ఉండవచ్చునా అన్న వాదన ఎప్పుడు వచ్చినా అందరూ ఇస్రో దగ్గరికే వెళతారు. 2023 జులైలో చంద్రయాన్-3 ప్రయోగానికి ముందు, అప్పటి ఛైర్మన్ సోమనాథ్ సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్లడం కొందరికి గర్వకారణమైంది, కొందరికి తలవంపులైంది. నాకు రెండూ కలగలేదు. అమ్మవారికి మొక్కాము కదా అని కౌంట్‌డౌన్‌లో ఒక్క పరీక్షయినా మానుకుంటారా?

నా మటుకు నాకు ఈ ప్రశ్న మా కడప జిల్లా చేలలోనే ఎదురైంది.

వానలు మొగం చాటేసిన ఏడు మా ఊళ్లో విరాటపర్వం చదివించేవారు. పెదనాన్న మఠం వేసుకుని తెల్లవార్లూ వినేవారు. వాన పడితే దండం, పడకపోతే దేవుడి ఇష్టం.

ఆ పెదనాన్నే బోరు వేయించాలనుకున్నప్పుడు కొబ్బరికాయతో నీళ్లు చూసే ఆయనను పిలిపించారు. ఆయన గంగమ్మకు మొక్కి, అరచేతిలో కాయను పడుకోబెట్టుకుని చేనంతా తిరిగారు. ఒకచోట కాయ నిలువుగా లేచింది. ఇన్నూరు అడుగుల్లో రెండించుల నీళ్లన్నారు. నాలుగు వందలు దాటినా దుమ్మే లేచింది. మరోచోట కాయ లేచింది, అక్కడా దుమ్మే. మూడో బోరుకు పెద్దమ్మ గాజులు, ఆ పైన చెరువు కింది ఎకరా పోయాయి. "మన కర్మ" అన్నారు పెదనాన్న. తప్పు కాయది కాదట!

1987, 88లలో జర్మనీలోని మ్యూనిక్ దగ్గర ఇలా నీళ్లు చూసేవారిని పరీక్షించారు. కొట్టం కింది అంతస్తులో నీటి గొట్టాన్ని అటూ ఇటూ జరుపుతూ, పైనుంచి చోటు చెప్పమన్నారు. 43 మంది, 843 ప్రయత్నాలు. ఎక్కువమంది చెప్పినది గుడ్డి లెక్కను మించలేదు. కొద్దిమంది మెరుగన్న వాదన ఉన్నా, తర్వాతి విశ్లేషణలో అదీ నిలవలేదు.

మా నేల కింద ఉన్నవి కడప పేరుతోనే భూగర్భ శాస్త్రానికి పరిచయమైన శిలలు. వేంపల్లె సున్నపురాళ్ల వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లు. వాటిలో నీరు కరిగించుకున్న సందుల్లోనో, పగుళ్లలోనో మాత్రమే నీళ్లుంటాయి. భూమిలోకి కరెంటు పంపి నిరోధం కొలిచే జియాలజిస్టు కూడా తప్పుతాడు. కానీ తప్పిన చోటును లెక్కలో రాసుకుంటాడు, రైతు కర్మలో వేయడు.

విరాటపర్వం దేవుణ్ణి అడుగుతుంది. కొబ్బరికాయ అడుగులూ అంగుళాలూ చెబుతుంది. కొలత చెప్పినవాడు కొలతకు నిలబడాలి. నా తగవు అంతవరకే. అయితే ఈ గీత నేను గీసుకున్నదే. పెదనాన్నకు రెండూ ఒకటే భక్తి.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, విరాటపర్వం ముగియగానే విత్తనం వేసేస్తారా అని. ఆయన నవ్వారు.

"పదును సూడకుండా ఎవురన్నా ఇత్తనం ఏస్తారా నాయనా?"

మరి బోరు దగ్గర ఆ పదును ఎందుకు చూడలేదని అడగడానికి నాకు నోరు రాలేదు.