ముందు పంచాయతీ కప్పు మీద

బీదర్ తాలూకాలోని బగ్దల్‌లో ఎండకు కొదవ లేదు. అయినా ఇంటి మీద సోలార్ పెట్టించుకోవాలన్న తొందర జనంలో పుట్టాలంటే కష్టమే. కర్ణాటక 2023లో తెచ్చిన గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు కరెంటు ఉచితం. సరిహద్దు దాటితే తెలంగాణలోనూ రేషన్ కార్డున్న ఇళ్లకు అంతే. మూడు కిలోవాట్ల ప్యానెళ్లకు కేంద్రం 78 వేల రూపాయల రాయితీ ఇస్తున్నా, బిల్లే కట్టని కుటుంబం మిగతా సొమ్ము చేతి నుంచి ఎందుకు పెడుతుంది?

ఊరికి మరో బిల్లు ఉంది. వీధి దీపాలది, తాగునీటి మోటార్లది. అది పంచాయతీ పేరున వస్తుంది, గృహజ్యోతి దానికి వర్తించదు. పల్లెల్లో సౌర విద్యుత్తు మొదలు కావలసింది అక్కడే.

కోయంబత్తూరు జిల్లా ఓడంతురై పంచాయతీ ఈ లెక్క ఎప్పుడో వేసుకుంది. 2006లో సొంత పొదుపుకు బ్యాంకు అప్పు కలిపి, దాదాపు కోటిన్నర రూపాయలతో 350 కిలోవాట్ల గాలిమర కొన్నది. ఊరి అవసరాలకు మించిన కరెంటును విద్యుత్ బోర్డుకు అమ్మి, ఆ రాబడితోనే అప్పు తీర్చింది. ఆస్తి పంచాయతీది, ఆదాయమూ పంచాయతీదే.

తెలుగు నేల మీద నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లి 2025లో పూర్తి సౌర గ్రామమైంది. 480 ఇళ్లపై మూడేసి కిలోవాట్ల ప్యానెళ్లు అమర్చారు. సంతోషించాల్సిన విషయమే. కానీ అది తెలంగాణ ముఖ్యమంత్రి సొంతూరు. కేంద్ర రాయితీకి ఒక కంపెనీ సామాజిక బాధ్యత నిధులు తోడయ్యాయి. అన్ని ఊళ్లకూ ఆ అవకాశం రాదు. కర్ణాటకలోనే తెలుగు బాగా వినిపించే పావగడలో రైతులు సుమారు 13 వేల ఎకరాలు కౌలుకిచ్చారు. అక్కడ 2,050 మెగావాట్ల సోలార్ పార్కు నడుస్తోంది. రైతుకు కౌలు అందుతోంది, కరెంటు మీద వచ్చే లాభంలో మాత్రం వాటా లేదు.

పెట్టడం ఒక ఎత్తు, నిలుపుకోవడం మరో ఎత్తు. న్యూజిలాండ్ పాలనలోని టోకెలావు దీవుల్లో జనాభా కొద్దే. 2012లో డీజిల్ జనరేటర్లు పక్కనపెట్టి దాదాపు పూర్తిగా సూర్యుడి మీదికి మారారు. బీహార్‌లోని ధర్నై కథ వేరు. 2014లో 100 కిలోవాట్ల సౌర గ్రిడ్ ఆర్భాటంగా మొదలైంది. కొన్నాళ్లకు బ్యాటరీలు పాడయ్యాయి, ప్రభుత్వ కరెంటు చౌకగా వచ్చింది. చివరికి ఆ ప్రాంగణంలో పశువులను కట్టేశారు. అక్కడ అసలు లోపం సాంకేతికతది కాదు, బాగుచేసే బాధ్యత ఎవరిదో తేలకపోవడమే.

బగ్దల్‌కు బ్యాటరీల బెడద అక్కర్లేదు, విద్యుత్ సంస్థ జెస్కాం లైను ఉండనే ఉంది. పంచాయతీ కార్యాలయం, బడి కప్పుల మీద ప్యానెళ్లు వేసి గ్రిడ్‌కు పోయే కరెంటును లెక్కించే నెట్ మీటరు పెట్టించాలి. బిల్లులో మిగిలిన సొమ్మును పంచాయతీ వేరే ఖాతాలో జమ చేయాలి. ప్యానెళ్లు పాతికేళ్లు పనిచేసినా ఇన్వర్టర్ అంతకాలం రాదు. దాన్ని మార్చే ఖర్చు, దుమ్ము తుడిచే మనిషి జీతం ఆ ఖాతాలోంచే రావాలని గ్రామసభ ముందే తీర్మానం రాసుకోవాలి.